పొరుగు దేశంపై దండయాత్ర: పిచ్చా? లెక్కా?

గత జుమా నమాజు ముగిసిన తరువాత మసీదు మెట్ల దగ్గర డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి మమ్మల్ని ఆపి, "హజ్రత్, పెద్ద దేశాలు పక్కనున్న చిన్న దేశాల మీద ఎందుకు పడతాయి? వాళ్ళకు ఉన్నది చాలదా? ఇది పిచ్చి కాక మరేమిటి?" అని అడిగాడు. చెప్పులు వేసుకుంటూ ఏదో నాలుగు మాటలు చెప్పి పంపించాము కానీ, ఆ జవాబు అతనికీ తృప్తినివ్వలేదు, మాకూ తృప్తినివ్వలేదు. అందుకే ఈ వ్యాసం.

ఆ ప్రశ్న వినగానే మాకు 1990 ఆగస్టు గుర్తుకు వచ్చింది. పాఠక సోదర సోదరీమణులలో యాభై దాటినవారికి ఆ రోజులు చెప్పనవసరం లేదు. ఆగస్టు 2, గురువారం, తెల్లవారకముందే ఇరాక్ సేనలు కువైట్ సరిహద్దు దాటాయి. సాయంత్రానికల్లా రాజధాని వారి చేతిలో ఉంది. అమీర్ షేక్ జాబిర్ సౌదీ అరేబియాకు వెళ్ళిపోయారు. అప్పటికి మేము కడప జిల్లాలో ఒక మదరసాలో విద్యార్థులం. రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతాల సంగతి తెలిసిందే కదా! వీధికి నాలుగైదు ఇళ్ళు కువైట్ డ్రాఫ్టుల మీద నడిచేవి. మరునాడు జుమాలో దుఆ చేస్తున్నప్పుడు వెనుక వరుసలలో ఏడ్పులు వినిపించాయి.

మా వీధిలో ఒక ఖాలా ఉండేవారు. ఆమె కొడుకు సాల్మియాలో ఒక కువైటీ ఇంట డ్రైవరు. ట్రంకు కాల్ లేదు, తంతి లేదు. రోజూ రాత్రి మేము బీబీసీ ఉర్దూ 'సైర్‌బీన్' పెట్టే వేళకు ఆమె వచ్చి గడప మీద కూర్చునేవారు. వార్తలు అయిపోగానే, "బేటా, సాల్మియా పేరేమైనా చెప్పారా?" అని అడిగేవారు. రేడియోలో వాషింగ్టన్, మాస్కో, రియాద్ పేర్లు వచ్చేవి. సాల్మియా పేరు ఒక్కరోజూ రాలేదు.

ఆ రోజులలో హోటళ్ళలో, అరుగుల మీద రెండే అభిప్రాయాలు ఉండేవి. సద్దాం హుస్సేన్ పాగల్ అని కొందరు, షేర్ అని మరికొందరు. ఆ సంవత్సరం పుట్టిన మగపిల్లలకు సద్దాం అని పేరు పెట్టుకున్న ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్నో. మేము కూడా కొన్నాళ్ళు రెండవ పక్షంలోనే ఉన్నామని ఒప్పుకోవాలి. కుర్రతనం. ఇప్పుడు ఆలోచిస్తే రెండు మాటలూ తప్పే అనిపిస్తున్నది. ఆయన పిచ్చివాడూ కాదు, సింహమూ కాదు. లెక్క వేసుకున్న మనిషి. ఆ లెక్క తప్పింది, మూల్యం ఇతరులు చెల్లించారు.

రాజనీతి శాస్త్రంలో హేతుబద్ధ ఎంపిక సిద్ధాంతమని ఒకటి ఉంది. మన మాటలలో చెప్పాలంటే నఫా-నుక్సాన్ లెక్క. ఏ పాలకుడైనా తన ముందున్న దారులను పక్కపక్కన పెట్టి, దేనివల్ల ఎంత లాభం, ఎంత నష్టం, గెలుపు అవకాశం ఎంత అని బేరీజు వేసి, తనకు మేలనిపించిన దారి పడతాడని ఈ సిద్ధాంతం అంటుంది. బ్రూస్ బ్యూనో డి మెస్క్విటా అనే అమెరికన్ పండితుడు 1981లో 'ద వార్ ట్రాప్' అనే పుస్తకంలో యుద్ధాలను ఈ పద్ధతిలోనే లెక్కగట్టి చూపాడు. ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. హేతుబద్ధం అంటే న్యాయమైనదని కాదు. కుక్క ఉన్న ఇంటిని వదిలి తాళం వదులుగా ఉన్న ఇంటికి వెళ్ళే దొంగ కూడా హేతుబద్ధంగానే ఆలోచించాడు. అంతమాత్రాన అతడు సజ్జనుడు కాడు.

కానీ ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది. ఇద్దరు అన్నదమ్ముల మధ్య పది లక్షల విలువైన స్థలం తగాదా ఉందనుకుందాం. కోర్టుకు వెళితే ఒక్కొక్కరికి రెండు లక్షల ఖర్చు. గెలుపు అవకాశం చెరిసగం. అంటే కోర్టు దారిలో ఎవరికైనా సగటున దక్కేది మూడు లక్షలే. ఇంట్లో కూర్చుని పంచుకుంటే ఇద్దరికీ అయిదేసి లక్షలు మిగులుతాయి. ఇప్పుడు అన్న బలవంతుడు, పదింట తొమ్మిది వంతులు గెలుపు అతనిదే అనుకోండి. కోర్టులో అతనికి సగటున ఏడు లక్షలు దక్కుతాయి, తమ్ముడికి ఉన్నది పోగా చేతి నుండి మరో లక్ష పడుతుంది. తమ్ముడు ఏడు లక్షల భాగం ఇచ్చి మూడు లక్షలది ఉంచుకున్నా కోర్టుకంటే మేలే. మరి అన్ని విధాలా రాజీయే లాభమైనప్పుడు, తెలివైనవాళ్ళు కోర్టుకెందుకు వెళతారు? రాజ్యాలు యుద్ధానికెందుకు వెళతాయి?

జేమ్స్ ఫియరన్ అనే అమెరికా రాజనీతి శాస్త్రవేత్త 1995లో రాసిన వ్యాసంలో పట్టుకున్న ముడి ఇదే. పెద్దవాడికి ఆశ ఎందుకు పుట్టింది అన్నది అసలు ప్రశ్న కాదు, ఆశ ఎప్పుడూ ఉంటుంది. రాజీ ఎందుకు కుదరలేదన్నది అసలు ప్రశ్న. ఆయన చెప్పిన కారణాలలో రెండు ముఖ్యమైనవి. ఎవరి బలమెంతో, ఎవరి పట్టుదల ఎంతో ఎదుటివారికి తెలియదు, పైగా దాచిపెట్టడంలో, గొప్పలు చెప్పడంలో ఇద్దరికీ లాభముంది. ఇది ఒకటి. ఈరోజు ఇచ్చిన మాటను రేపు నిలబెట్టుకుంటారన్న పూచీ లేదు. ఇది రెండవది. పంచాయతీలో కూర్చుని కాగితం రాయించే పెద్దమనిషి ఊళ్ళో ఉంటాడు కానీ, రాజ్యాలకు అటువంటి పెద్దమనిషి లేడు.

ఇక కువైట్ సంగతికి వద్దాం. ఇరాక్ 1980 నుండి 1988 వరకు ఇరాన్‌తో యుద్ధం చేసింది. ఎనిమిదేళ్ళలో లక్షల ప్రాణాలు పోయాయి, ఒక్క అడుగు నేల కలిసిరాలేదు. యుద్ధం ముగిసేనాటికి ఇరాక్ విదేశీ అప్పు సుమారు 8,000 కోట్ల డాలర్లని అంచనా. అందులో గణనీయమైన భాగం కువైట్, సౌదీలదే. ఆ సొమ్ము అప్పు కాదు, అరబ్బులందరి తరఫున మేము చేసిన పోరాటానికి మీ వంతు చందా అన్నది బాగ్దాద్ వాదన. కువైట్ మాత్రం ఖాతా మూయలేదు. ఇంతలో 1990 మొదటి సగంలో చమురు ధర పడిపోయింది. కువైట్, యు.ఏ.ఈ.లు ఒపెక్ కోటాకు మించి చమురు తోడుతున్నాయన్నది ఇరాక్ ఫిర్యాదు, అది నిరాధారమైనదేమీ కాదు. బ్యారెల్ ధర ఒక్క డాలరు తగ్గితే తమకు ఏడాదికి వంద కోట్ల డాలర్ల నష్టమని ఆ మే నెలలో బాగ్దాద్‌లో జరిగిన అరబ్ శిఖరాగ్ర సభలోనే సద్దాం చెప్పారు. రుమైలా చమురు క్షేత్రం సరిహద్దుకు అటూ ఇటూ ఉంది. అక్కడ కువైట్ మా నూనె దొంగిలిస్తున్నదన్నది మరో ఆరోపణ. వీటన్నిటికీ తోడు సముద్రం. ఇంత పెద్ద ఇరాక్‌కు ఉన్న తీరం అరవై కిలోమీటర్లయినా లేదు. షత్తుల్ అరబ్ యుద్ధంలో మునిగిన ఓడలతో పూడిపోయింది. తీరం ఎదుట ఉన్న వర్బా, బూబియాన్ దీవులు కువైట్‌వి.

పది లక్షల సైన్యాన్ని ఇంటికి పంపితే వాళ్ళకు పని లేదు, ఉంచుకుంటే జీతం లేదు. పక్కన ఇరవై వేలకు అటూ ఇటూ సైన్యమున్న పొరుగువాడు. రెండు దేశాల చమురు నిల్వలూ కలిస్తే ప్రపంచ నిల్వలలో అయిదవ వంతు. ఈ కాగితం చూసిన ఏ షావుకారైనా ఏమనుకుంటాడో చెప్పనక్కరలేదు.

అయితే ఆశ కొత్తది కాదు. ఇది గమనార్హం. 1961 జూన్ 19న కువైట్ స్వతంత్రమయింది. ఆరు రోజులకే ఇరాక్ పాలకుడు అబ్దుల్ కరీం ఖాసిం, కువైట్ మాదేనని ప్రకటించారు. జూలై 1న బ్రిటిష్ దళాలు కువైట్‌లో దిగాయి. తరువాత వాటి స్థానంలో అరబ్ లీగ్ సేన వచ్చింది. ఖాసిం ఒక్క అడుగు ముందుకు వేయలేదు. 1963 అక్టోబరులో, ఆయన హతమైన తరువాత వచ్చిన ప్రభుత్వం కువైట్‌ను గుర్తించింది కూడా. అదే నేల, అదే ఆశ, అదే వాదన. 1961లో జరగనిది 1990లో ఎందుకు జరిగింది? పటం మారలేదు, గుమ్మం ముందున్న కాపలా మారింది. 1971లో బ్రిటన్ గల్ఫ్ నుండి సైన్యాన్ని తీసుకుపోయింది. ఇరాన్ యుద్ధకాలంలో, 1987లో, కువైట్ ఓడలకు అమెరికా జెండా కట్టి కాపాడిన మాట నిజమే. కానీ రక్షణ ఒప్పందమంటూ ఏదీ లేదు. 1990 జూలై 24న అమెరికా విదేశాంగ శాఖ ప్రతినిధి ఆ మాట బహిరంగంగానే చెప్పారు. మరునాడు బాగ్దాద్‌లో అమెరికా రాయబారి ఏప్రిల్ గ్లాస్పీ సద్దాంను కలిసి, అరబ్బుల మధ్య సరిహద్దు తగాదాలలో తమకు ఏ పక్షమూ లేదన్న అర్థం వచ్చే మాట అన్నారు. ఆ సమావేశం మీద ఈనాటికీ వాదం నడుస్తున్నది. ఆమె దాడికి అనుమతి ఇచ్చారని కొందరంటారు. మాకు అలా అనిపించదు. అనుమతి వేరు, అడ్డుకుంటామని గట్టిగా చెప్పకపోవడం వేరు. కానీ లెక్కవేసేవాడి పుస్తకంలో రెండూ ఒకే గడిలోకి వెళతాయి.

ఆ సమావేశంలోనే సద్దాం, ఒక్క యుద్ధంలో పదివేల మంది చావును మీ సమాజం తట్టుకోలేదన్న భావంతో మాట్లాడినట్లు ఇరాక్ విడుదల చేసిన పాఠంలో ఉంది. వియత్నాం చూసి వేసిన లెక్క అది. తీరా జరిగిన పోరాటంలో చనిపోయిన అమెరికన్ సైనికులు 150కి లోపే. మరో తప్పు మాస్కో విషయంలో. పాత మిత్రుడు సోవియట్ యూనియన్ భద్రతా మండలిలో అడ్డుపడుతుందనుకుంటే, దాడి జరిగిన మరునాడే సోవియట్, అమెరికా విదేశాంగ మంత్రులు మాస్కోలో కలిసి నిలబడి దాడిని ఖండించారు. సౌదీ తన గడ్డ మీదకు అమెరికా సైన్యాన్ని రానివ్వదన్న నమ్మకమూ వారం తిరగకముందే పోయింది. ఆగస్టు 6న సమితి ఆంక్షలు వచ్చాయి. ఆగస్టు 10న కైరోలో అరబ్ దేశాలే రెండుగా చీలి, పన్నెండు దేశాలు సౌదీకి సేనలు పంపేందుకు అనుకూలంగా ఓటు వేశాయి. విశ్వాసులలో రెండు వర్గాలు తలపడితే ఏం చేయాలో సూరా హుజురాత్ చెబుతుంది. ఆ నెలలో ఆ ఆయత్‌ను ఇరుపక్షాల వారూ తమకు అనుకూలంగా చదివారు.

ఇక చిన్నవాని సంగతి. మా ఖాలా అప్పుడే అడిగారు, "కువైట్ వాళ్ళకు డబ్బుకు లోటా? కొంత ఇచ్చి పంపేయకపోయారా?" అని. ఇది పండితుల ప్రశ్నే. ఒక కారణం, కువైట్ పాలకులు ఆ సైనిక సమీకరణను డబ్బు రాబట్టే బెదిరింపుగానే చూశారు. వాళ్ళే కాదు, దాడి జరగదని తనకు మాట ఇచ్చారని ఈజిప్టు అధ్యక్షుడు హుస్నీ ముబారక్ కూడా చెప్పుకున్నారు. నిజంగా కొట్టదలచినవాడూ, ఊరికే బెదిరించేవాడూ ఒకే విధంగా కర్ర ఎత్తుతారు. ఎత్తిన కర్రను చూసి ఏది ఏదో చెప్పడం కష్టం. జిద్దాలో ఆగస్టు 1న చర్చలు విఫలమైనాయి. మరునాడే సేనలు కదిలాయి.

రెండవ కారణం ఇంకా లోతైనది. ఈరోజు అప్పు మాఫీ చేస్తే రేపు దీవులు అడగడని పూచీ ఏమిటి? దీవులు ఇస్తే గుమ్మంలోకే వచ్చి కూర్చున్నవాడు ఎల్లుండి ఇల్లే అడగడా? ఇచ్చినకొద్దీ అడిగేవాడి బలం పెరుగుతుంది, ఇచ్చేవాడి బలం తరుగుతుంది. 1939 శరదృతువులో సోవియట్ యూనియన్ తన పొరుగువారిని ఇటువంటి కోరికలే కోరింది. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియాలు తమ గడ్డ మీద సోవియట్ స్థావరాలకు ఒప్పుకున్నాయి. ఏడాది తిరగకముందే మూడూ సోవియట్‌లో కలిసిపోయాయి. ఫిన్లాండ్ సరిహద్దు జరపడానికి ఒప్పుకోలేదు. నవంబరు 30న దాడి జరిగింది, చలికాలమంతా పోరాడింది, 1940 మార్చిలో దాదాపు పదో వంతు నేల పోగొట్టుకుంది. కానీ దేశంగా మిగిలింది. చిన్న దేశం మొండితనాన్ని అవివేకమని తీసిపారేసేవారు ఈ రెండు దృష్టాంతాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. పూచీ లేమి ఇటు కూడా ఉంది. ఆ జూలై చివర జెనీవాలో ఒపెక్ దేశాలు బ్యారెల్‌కు 21 డాలర్ల ధరను లక్ష్యంగా పెట్టుకున్నాయి. సరిహద్దులో సైన్యం ఉన్నంతవరకే కువైట్ ఆ మాట మీద ఉంటుంది, సైన్యం వెనక్కు రాగానే మళ్ళీ తోడుతుందన్నది బాగ్దాద్ అనుమానం.

ఇంతవరకు 'ఇరాక్ అనుకుంది', 'కువైట్ అనుకుంది' అని రాస్తూ వచ్చాము. ఈ సిద్ధాంతంలో మాకు నచ్చని భాగం ఇదే. రాజ్యమనేది ఒక మనిషి కాదు. లాభం ఎవరి జేబులోకి, నష్టం ఎవరి నెత్తి మీదకు అని అడగనిదే ఆ లెక్క పూర్తి కాదు. బ్యూనో డి మెస్క్విటా కూడా తరువాతి కాలంలో ఈ దారికే వచ్చి, పాలకుడు దేశం లాభం కంటే తన కుర్చీని నిలబెట్టే కొద్దిమంది లాభాన్నే ముందు చూస్తాడని రాశాడు. ఇబ్నె ఖల్దూన్ ఆరు వందల ఏళ్ళ క్రితమే ముఖద్దిమాలో యుద్ధాలను నాలుగు రకాలుగా విభజించి, ఇరుగుపొరుగు తెగలు పోటీతో, అసూయతో చేసుకునే యుద్ధాలను అన్యాయపు కోవలో చేర్చారు. రాజ్యాధికారం కొద్దిమంది అసబియ్యత్ మీద ఎలా నిలుస్తుందో చెప్పినవారూ ఆయనే. మదరసాలో ఆ పాఠం విన్నప్పుడు అది పాత చరిత్ర అనుకున్నాము.

ఇరాక్ అనే దేశానికి ఈ దండయాత్ర వినాశనం. 1991 జనవరి 17న బాంబుల వర్షం మొదలయింది, ఫిబ్రవరి 28కి అంతా అయిపోయింది. తిరిగిపోతూ ఇరాక్ సేనలు కువైట్‌లో ఆరు వందలకు పైగా చమురు బావులకు నిప్పు పెట్టాయి. చివరి బావిని మూసేసరికి నవంబరు వచ్చింది. ఆంక్షలు 2003 వరకు ఇరాక్ ప్రజల నోటిదగ్గర ముద్దను లాగేశాయి. కానీ సద్దాం సొంత ఖాతాలో? ఓడిపోయిన తరువాత కూడా ఆయన పన్నెండేళ్ళు గద్దె మీద ఉన్నారు. ఇంకొక సంగతి చూడండి. కువైట్ మీద పడిన రెండు వారాలకే, ఆగస్టు 15న, ఇరాన్‌తో 1975 నాటి ఒప్పందాన్ని మళ్ళీ ఒప్పుకుంటున్నానని ప్రకటించారు. ఏ ఒప్పందాన్ని చించివేసి ఎనిమిదేళ్ళు లక్షలమందిని బలి ఇచ్చారో, దాన్నే ఒక్క ఉత్తరంతో తిరిగి ఇచ్చేశారు. పోయిన కొడుకుల తల్లులను ఎవరు అడిగారు?

ఆ లెక్కలో పేరే లేనివాళ్ళు చెల్లించిన మూల్యం చూడండి. కువైట్‌లో అంతకుముందు నాలుగు లక్షల వరకు పాలస్తీనియన్లు ఉండేవారు. వారి నాయకత్వం సద్దాం వైపు మొగ్గినందుకు, విముక్తి తరువాత వారిలో అత్యధికులు ఆ దేశం వదలవలసి వచ్చింది. భద్రతా మండలిలో యెమెన్ యుద్ధానికి వ్యతిరేకంగా ఓటు వేసింది. సౌదీలో కూలి చేసుకునే లక్షలాది యెమెనీలు ఇంటిదారి పట్టారు. మన దేశం తన బిడ్డలను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా తెచ్చుకుంది. ఆగస్టు నుండి అక్టోబరు దాకా ఎయిరిండియా విమానాలు లక్షమందికి పైగా చేరవేశాయి. చమురు ధర పెరిగి, గల్ఫ్ డబ్బు తగ్గి, అప్పటికే ఖాళీ అవుతున్న మన ఖజానా మీద ఆ దెబ్బ పడింది. 1991లో రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని విదేశాలలో తాకట్టు పెట్టవలసి వచ్చింది. దానికి ఇతర కారణాలు కూడా ఉన్నాయి, అయినా కువైట్ వాటా తక్కువది కాదు.

పొరుగు దేశాల మధ్యే కాదు, దూరం నుండి వచ్చే బలవంతుడికీ ఈ అద్దం పట్టాలి. 2003 మార్చిలో అమెరికా ఇరాక్ మీద పడింది. చూపిన కారణం ఘోర మారణాయుధాలు. అవి దొరకలేదు. ఆయుధాలు లేవన్న సంగతి సద్దాం స్పష్టంగా చెప్పుకోకపోవడానికి ఇరాన్‌కు అలుసైపోతామన్న భయం ఒక కారణమని తరువాతి విచారణలలో తేలింది. దాచుకోవడంలో లాభముందనుకున్నవాడు దాచిపెట్టాడు, లేనిదాన్ని ఉందనుకోవడంలో లాభముందనుకున్నవాడు అనుకున్నాడు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌లోకి వెళ్ళిన రష్యా సేనలు కొద్దిరోజులలో కీవ్ చేరతామనుకున్నాయి. ఏప్రిల్ మొదటికల్లా ఆ నగరం చుట్టుపక్కల నుండి వెనక్కు తగ్గవలసి వచ్చింది. ఆ అబ్బాయి అడిగింది బహుశా ఇటువంటి వాటి గురించే. మాకు మాత్రం కువైటే దగ్గర.

ఖాలా కొడుకు అక్టోబరులో బొంబాయి మీదుగా వచ్చాడు. చేతిలో ఒక్క సంచి. ఆరేళ్ళ సంపాదన అక్కడి బ్యాంకులో ఉండిపోయింది. నష్టపోయినవారికి పరిహారం ఇవ్వడానికి సమితి 1991లో ఒక కమిషన్ వేసింది. ఇరాక్ అమ్మే చమురులో కొంత శాతం కోసి ఆ సొమ్ము పంచాలని ఏర్పాటు. అతను ఢిల్లీకి కాగితాలు పంపి, ఏళ్ళతరబడి ఎదురుచూశాడు, చివరకు చెక్కు వచ్చింది. దానితో చెల్లెలి నికాహ్ చేశాడు. ఆ కమిషన్ మొత్తం 5,240 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఇరాక్ ఆఖరి వాయిదా కట్టింది 2022 జనవరిలో. అప్పటికి సద్దాంను ఉరితీసి పదిహేనేళ్ళు. ఆ వాయిదాలు కట్టిన ఇరాకీలలో సగానికి పైగా 1990 ఆగస్టు నాటికి పుట్టనే లేదు.

చెక్కు రాకముందే, 1992లోనే, అతను మళ్ళీ అకామా సంపాదించుకుని సాల్మియాకే వెళ్ళిపోయాడు. ఖాలా బస్టాండు దాకా వెళ్ళి సాగనంపి, ఆ రాత్రి మళ్ళీ వచ్చి మా గడప మీద కూర్చున్నారు, రేడియో పెట్టమని.